తుపాకి గొట్టములోని సీసము

సీసమనగానే తెలుగు విద్యార్థికి మొదట పద్యము స్ఫురించును. ఎత్తుగీతిని వెంటబెట్టుకొని నడచు ఆ పద్యము జోలి ఈ వ్యాసమునకు లేదు. దీని విషయము లోహమైన సీసము. పెన్సిలు నడుమనుండు నల్లని కడ్డీని కూడ కొందరు సీసమందురు కాని అది గ్రాఫైటు, బొగ్గునకు దాయాది. అసలు సీసము నీటికన్న పదకొండు రెట్లకు మించి బరువైనది. గోటితో గీసినను గీత పడునంత మెత్తనిది. 327 సెంటిగ్రేడు డిగ్రీల వేడిమికే కరగునది. కట్టెల నిప్పుపై ఇనుప గరిటెనుంచి కరగించి అచ్చులో పోసికొనవచ్చును. ఈ గుణముల చేతనే తుపాకి గుండునకు శతాబ్దముల తరబడి సీసమే తగిన లోహమైనది.

ఆ మెత్తదనమే తుపాకికి చీడ కూడ అయినది. గుండు వెలువడుచు వెలువడుచు తన మేనిలో కొంత గొట్టపు గోడలకు పూసి పోవును. ఆ పూత పేరుకొన్నకొలది గురి చెదరును. దానిని వదలించుట పెద్ద విద్య కాదు. వదలిన సీసము ఎక్కడికి పోవుచున్నదను ప్రశ్నయే పెద్దది. గొట్టము శుభ్రపడినదని సంతోషించువారిలో పెక్కుమంది ఈ రెండవ ప్రశ్న వేసికొనరు.

రైఫిలు గొట్టము లోపల నునుపైన నాళము కాదు. మరమేకు చుట్టువలె మెలిదిరిగిన గాడులు అందు చెక్కబడి యుండును. గుండు ఆ గాడుల నడిమి గట్లను ఒరసికొని బొంగరమువలె తిరుగుచు బయటపడును. ఆ తిరుగుడే గాలిలో దానికి నిలకడ నిచ్చును. మెత్తని లోహము గట్టి ఉక్కును అంతటి వేగముతో ఒరయునపుడు కొంత అంటుట సహజమే. అంతకన్న హెచ్చు కీడు వేరొక విధముగా కలుగును. గుండు గొట్టమునకు సరిగా బిగియక ఏమాత్రము సన్నముగా నున్నను, మందు మండగా పుట్టిన వాయువు ఆ సందులో జొరబడి, కంసాలి ఊదుగొట్టపు మంటవలె గుండు అంచును కోసి, సీసమును తుంపరలుగా చిమ్మును. ఆ తుంపరలు ఉక్కుకు తగిలి గడ్డకట్టును. వెనుక వచ్చు గుండు వానిని అదిమి పోవును. సీసములో తగరమో ఆంటిమొనీయో కలిపి గట్టిపరచినచో ఈ పీడ తొలగునని పలువురి నమ్మకము. అది సగము నిజమే. గుండు ఎంత గట్టిదైనను గొట్టమునకు సరిపోనిచో సందు సందే, వాయువు వాయువే. గట్టిదనము కన్న కొలత ముఖ్యము.

ఈ మకిలి నరికట్టుటకు పూర్వులు కనుగొన్న ఉపాయము కొవ్వు. 1853 నాటి నమూనా ఎన్‌ఫీల్డు రైఫిలు తూటా కాగితపు పొట్లము. అందు మందును, గుండును కలిసి యుండెడివి. సిపాయి పొట్లపు కొసను పంటితో చించి మందును గొట్టములో పోసి, గుండును మూతినుండి దించి కడ్డీతో లోనికి దట్టించెడివాడు. గుండు సులువుగా దిగుటకును, మందు మసి గట్టిపడకుండుటకును, సీసము గొట్టమున కంటకుండుటకును గుండున్న కొసకు కొవ్వు పూసెడివారు. ఆ కొవ్వు ఆవుదనియు పందిదనియు 1857 జనవరిలో డమ్‌డమ్‌లో వినవచ్చిన మాట దేశమెల్ల ప్రాకినది. ఏప్రిల్ 24న మీరట్‌లో మూడవ అశ్విక దళమునకు చెందిన 90 మందిలో 85 మంది తమకిచ్చిన తూటాలను ముట్టమనిరి. అవి పాతరకపు తూటాలేయని అధికారులు చెప్పినను నమ్మువారు లేకపోయిరి. మే 9న వారికి సంకెళ్లు పడినవి. మరునాడు మీరట్ లేచినది. ఆ తిరుగుబాటునకు కారణములు అనేకములు. కాని గొట్టమునకు సీసము పట్టకుండుటకు పూసిన కొవ్వు వానిలో నిప్పురవ్వ యగుట చరిత్రలోని చిత్రములలో నొకటి.

తరువాత పాతిక ముప్పది యేండ్లకు గుండునకు తొడుగు వచ్చినది. స్విట్జర్లాండు సైనికాధికారి ఎడ్వర్డ్ రూబిన్ 1882లో సీసపు గుండుపై రాగి తొడుగు వేసెను. 1884లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పాల్ వియెయ్ పొగరాని మందును తయారుచేసెను. ఆ మందుతో గుండు వేగము ఎంతయో పెరిగినది, తొడుగులేని సీసము ఆ వేగమునకు తాళలేదు. సైన్యములు తొడుగు గుండ్లకు మారినవి. అంతట సీసమునకు బదులు రాగి గొట్టమునకు అంటసాగినది! ఫిరంగులలో ఆ రాగిని వదలించుటకు మందుతోబాటు తగరపు రేకునో సీసపు రేకునో చేర్చు పద్ధతి కూడ పుట్టినది. ఒకనాటి రోగము మరొకనాటికి మందైనది.

సీసపు గుండు మాత్రము పూర్తిగా పోలేదు. 1887లో అమెరికాలో వెలువడిన పాయింటు ఇరువదిరెండు లాంగ్ రైఫిలు తూటా నేటికిని గురి నేర్చువారి మొదటి తూటా. దాని గుండు సుమారు 2.6 గ్రాముల సీసము. పైన మైనమో కొవ్వో పలుచగా పూసియుండును. 1948లో ఏర్పడిన నేషనల్ కేడెట్ కోరులో చేరిన విద్యార్థులు గురి నేర్చునది ఈ రకపు రైఫిలుతోనే. హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్సులో కంచు పతకము గెలిచిన పది మీటర్ల ఎయిర్ రైఫిలు పోటీలో వాడు గుళ్లును సాధారణముగా సీసపువే. అందు మందు మంట లేదు గనుక కరగి అంటు బెడద లేదు, చేతికంటు బెడద మాత్రము కలదు.

గొట్టము వెనుకనుండి మూతివైపు తెల్లకాగితము వెలుగులో చూచినచో, శుభ్రమైన గాడులు అద్దమువలె మెరయును. సీసము పట్టిన చోట గాడి మూలలలో మెరుపు మాసిన బూడిదవన్నె చారలు కనబడును. ఆ చారల క్రింద చెమ్మ చిక్కినచో తుప్పు కూడ పుట్టును.

పూర్వము కొందరు వేటగాండ్రు పాదరసము నాశ్రయించిరి. గొట్టము ఒక కొసను బెండుతో మూసి, పాదరసము పోసి, రెండవ కొసను మూసి అటునిటు ఊపిన, సీసము పాదరసములో కలిసిపోవును. పాదరసము ఇనుముతో కలియదు. కనుకనే దానిని ఇనుప సీసాలలో నింపి విక్రయించెడివారు. శాస్త్రము చక్కగనే యున్నది. కాని పాదరసము మామూలు గది వేడిమికే ఆవిరియగును, ఆ ఆవిరి మెదడును నరములను చెరచును. ఒక విషమును తొలగించుటకు మరియొక విషమును ఇంటికి తెచ్చిన చందము.

ఇటీవలివారు కొందరు వెనిగర్‌ను, హైడ్రోజన్ పెరాక్సైడును కలిపి గొట్టములో పోయుదురు. కొద్దిసేపటిలో సీసము మాయమగును. చూచువారికి అద్భుతముగా తోచును. నిజమునకు మాయమైనదేదియు లేదు. పెరాక్సైడు సీసమును ఆక్సీకరించును, వెనిగర్‌లోని ఎసిటిక్ ఆమ్లము దానితో కలిసి సీసపు ఎసిటేటగును. ఈ లవణము తియ్యగా నుండును. అందుకే యూరపు వారు దానికి సీసపు చక్కెర యని పేరు పెట్టిరి. ప్రాచీన రోమనులు సీసపు పాత్రలలో ద్రాక్షరసమును కాచి చేసికొనిన పాకములో కలిసినది ఇటువంటి లవణమే. లోహపు రేకుగా రాలిన సీసమును గుడ్డతో ఎత్తి వేరుచేయవచ్చును. నీటిలో కరగిన సీసము చేతి చర్మముపై, బల్లపై, కాలువలో, ఎక్కడ చిందిన అక్కడ నుండును. కంటికి కనబడదు, కడుపులో పడినచో రక్తములో సులభముగా కలియును. కొంచెము ఏమరినచో ఆ ద్రవము ఉక్కును కూడ తినివేయును. రసాయనశాస్త్ర పాఠమునకు ఇది మంచి ఉదాహరణము. ఇంటిలో చేయదగిన పని ఎంతమాత్రము కాదు.

మంచి మార్గము మోటైనది, నిదానమైనది. సీసముకన్న గట్టిదియు ఉక్కుకన్న మెత్తదియునైన లోహముతో గీకుటయే అది. మోస్ కాఠిన్యమానములో సీసము ఒకటిన్నర, రాగి మూడు. గొట్టపు ఉక్కు వానికి పైన. కావున రాగి సీసమును గీకును, ఉక్కును గీకజాలదు. కంచు తీగల బ్రష్షునకు పాత్రలు తోము రాగి తీగపీచును చుట్టి వాడుట అనుభవజ్ఞుల పద్ధతి. అంగడిలో రాగి వన్నె పూసిన ఇనుప పీచు కూడ అమ్ముడగుచుండును. అయస్కాంతము చూపినచో నిజము తెలియును. అతుకుకొన్న పీచు గొట్టములోనికి పోరాదు.

అంతకుముందు చేయవలసినది ఒకటి కలదు, దానికి మినహాయింపు లేదు. మాగజైను తీసి, బోల్టు తెరచి, తూటా ఉండు గది ఖాళీగా నున్నదని కంటితో చూచి, చిటికెనవ్రేలితో తడిమి తెలిసికొనవలెను. ఆ గదిలోనే కాదు, పనిచేయు బల్లపైనను తూటా ఉండరాదు. కేడెట్లు శిక్షకుని యెదుటనే ఆయుధమును ముట్టవలెను.

తరువాత గొట్టమును తుపాకి శుభ్రపరచు నూనెతో తడిపి కొంతసేపు నాననీయవలెను. సీసము నూనెలో కరగదు. కాని నూనె ఆ పొర క్రిందికి చొచ్చి పట్టును సడలించును. అంతకన్న ముఖ్యముగా, రాలిన పొడిని గాలిలో లేవనీయదు. పొడిగొట్టమును గీకినవాడు ఆ ధూళిని పీల్చినవాడగును. బ్రష్షును వీలున్నంతవరకు వెనుకనుండియే దూర్చి, మూతివైపు పూర్తిగా బయటికి వచ్చిన పిమ్మటనే వెనుకకు లాగవలెను. నడుమ తిప్పినచో తీగలు విరుగును. గొట్టపు మూతి అంచు గుండు వీడ్కొను తుది గడప. కడ్డీ రాపిడికి ఆ అంచు అరిగినచో గురి శాశ్వతముగా చెడును. కాల్పులకన్న కడ్డీపోటులకు చెడిన రైఫిళ్లే ఎక్కువని గురికాండ్రు అనుటలో అతిశయోక్తి కొంత యున్నను అర్థము లేకపోలేదు. శిక్షణ శిబిరములలో వాడు పుల్‌త్రూ త్రాటిని కూడ వంకరగా లాగక తిన్నగా లాగవలెను. వంకరగా లాగిన త్రాడు కాలక్రమమున ఉక్కును సైతము కోయును. బ్రష్షు తరువాత చిందీ గుడ్డ. అది బూడిదవన్నె పలుకులు లేకుండ వచ్చువరకు పని సాగవలెను. ఒక్కనాటితో తీరకున్న మరల నూనె పట్టించి రాత్రి ఉంచుట మేలు. తొడుగు గుండ్లు నాలుగు కాల్చి సీసమును ఊడ్చివేయవచ్చునను చిట్కా వినదగినది కాదు. ఇరుకైన గొట్టములో ఒత్తిడి పెరుగుటకు అది దారి.

చిందీపై వచ్చిన నల్లని మసి సీసము కాదనుకొనుట పొరపాటు. తూటాలో మొదట రాజుకొను మందు సాధారణముగా సీసపు స్టిఫ్నేటు. అది కాలగా వచ్చిన మసిలోను సీసమున్నది. శరీరము సీసమును సున్నముగా భ్రమించి ఎముకలలో దాచుకొనును, ఏండ్ల తరబడి అచ్చటినుండి కొంచెము కొంచెముగా రక్తములోనికి విడుచును. పసివారి శరీరము, మ్రింగిన సీసములో పెద్దలకన్న నాలుగైదు రెట్లు హెచ్చుగా గ్రహించును. చెడునది ఎదుగుచున్న మెదడు. హానిలేని మోతాదు ఇంతయని చెప్పుటకు వీలులేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించినది. ఈ భయము చేతనే భారతదేశములో 2000లో సీసము కలిసిన పెట్రోలు ఆగిపోయినది.

కావున తుపాకి తుడుచుచోట తిండి, త్రాగుడు, బీడీ, సిగరెట్టు పనికిరావు. వంటయింటి బల్ల అందుకు తగదు. చేతికి రబ్బరు తొడుగులుండవలెను, కిటికీలు తెరచి యుండవలెను, పిల్లలు దూరముగ నుండవలెను. పని ముగిసిన వెంటనే చేతులను ముఖమును సబ్బుతో కడిగికొని, ఆ బట్టలను ఇంటివారి బట్టలతో కలుపక వేరుగా ఉతుకవలెను. నేలను చీపురుతో ఊడ్చిన ధూళి లేచును; తడిగుడ్డతో తుడుచుటయే సరి. వాడిన గుడ్డలను పొయ్యిలో వేసినచో సీసము పొగయై ఇల్లంతయు నిండును. వానిని సంచిలో కట్టి, ప్రమాదకర వ్యర్థములను గ్రహించువారి కప్పగించవలెను. బల్లపై పరచిన పాత వార్తాపత్రికయు ఆ సంచిలోనికే పోవలెను. పాత కాగితములవాని తక్కెడకు చేరినచో, అది మరునాడు వేరుసెనగల పొట్లమై బడి గుమ్మము వద్దకు తిరిగి వచ్చును.