థండర్‌బోల్ట్స్ కామిక్స్ ఎక్కడ మొదలుపెట్టాలి? విలన్ల టీమ్‌ని ఫాలో అవడం ఎలా?

ఈ ఎపిసోడ్ మీరు అడగ్గా అడగ్గా చేస్తున్నది. 2025 మేలో థండర్‌బోల్ట్స్ సినిమా వచ్చిన దగ్గర్నుంచి "అన్నా, దీని కామిక్స్ ఎక్కడ నుంచి చదవాలి" అని అడిగేవాళ్ళు ఎక్కువైపోయారు. మొదలుపెట్టి మధ్యలో వదిలేసినవాళ్ళు కూడా బాగానే ఉన్నారు. వాళ్ళ కంప్లైంట్ ఒకటే. సినిమాలో చూసిన ఎలీనా లేదు, బకీ లేడు, అసలు ఈ ఆరుగురూ ఎవరు?

నిజమే. 1997లో మొదలైన టీమ్‌లో ఉన్నవాళ్ళలో సినిమాలోకి ఒక్కరు కూడా రాలేదు. పేరు ఒకటే, మనుషులు వేరు. అందుకే సినిమాని పక్కన పెట్టి వినండి. ఇంకో మాట, మొదటి ఇష్యూ చివరి పేజీలో ఏముందో నేను ఇప్పుడు చెప్పేస్తాను. అది చెప్పకుండా ఈ సిరీస్ గురించి మాట్లాడటం కుదరదు. ఏమీ తెలియకుండా చదవాలనుకునేవాళ్ళు ఇక్కడ ఆపేసి, ఒకటో ఇష్యూ చదివి రండి. అరగంట కూడా పట్టదు.

యాంటీహీరో అంటే మనకి కొత్తేం కాదు. కృష్ణా జిల్లా నిమ్మకూరులో పుట్టిన ఎన్టీఆర్ 1977లో దాన వీర శూర కర్ణ తీసి, అందులో కృష్ణుడు, కర్ణుడు, దుర్యోధనుడు మూడూ తనే వేశారు. సినిమా చూసి బయటికొచ్చిన జనం ఎక్కువగా మాట్లాడుకున్నది దుర్యోధనుడి గురించి. తప్పు వైపు నిలబడ్డవాడి మాట కూడా వినాలనిపించడం మన ఊళ్ళలో ఎప్పటి నుంచో ఉన్న అలవాటే. కాకపోతే మన కథల్లో ఆ మనిషి చివరిదాకా అటువైపే ఉంటాడు, అటువైపే పోతాడు. థండర్‌బోల్ట్స్‌లో ప్రశ్న వేరు: అటువైపు వాడు ఇటువైపుకి రాగలడా? వస్తే మనం రానిస్తామా?

ఇక కథ. 1996లో మార్వెల్ కామిక్స్‌లో ఆన్‌స్లాట్ అని ఒక పెద్ద యుద్ధం జరిగింది. అందులో అవెంజర్స్, ఫెంటాస్టిక్ ఫోర్ మాయమైపోయారు. చనిపోయారనే లోకం అనుకుంది. న్యూయార్క్‌కి దిక్కు లేదు. అప్పుడు ఎవరూ ఎప్పుడూ చూడని ఒక కొత్త టీమ్ దిగింది. సిటిజన్ వి, మీటియరైట్, టెక్నో, సాంగ్‌బర్డ్, అట్లాస్, మాక్-1. ముందు ఇన్‌క్రెడిబుల్ హల్క్ 449వ ఇష్యూలో కనిపించారు, తర్వాత 1997 ఏప్రిల్ తేదీతో సొంత సిరీస్ మొదలైంది. రాసింది కర్ట్ బ్యూసిక్, బొమ్మలు మార్క్ బాగ్లీ. ఇష్యూ అంతా మామూలు హీరోల కథలాగే నడుస్తుంది. దొంగల్ని కొడతారు, జనం చప్పట్లు కొడతారు. చివరి పేజీలో మాస్కులు తీస్తారు. చూస్తే వీళ్ళు మాస్టర్స్ ఆఫ్ ఈవిల్, అవెంజర్స్ పాత శత్రువులు! సిటిజన్ వి అంటే బేరన్ జెమో. ఇంకో సంగతి, ఒరిజినల్ సిటిజన్ వి రెండో ప్రపంచయుద్ధం నాటి వీరుడు. అతన్ని చంపింది ఈ జెమో తండ్రే. తండ్రి చంపినవాడి పేరు పెట్టుకుని కొడుకు హీరో వేషం వేశాడన్నమాట. ప్లాన్ ఏంటంటే, ముందు జనం నమ్మకం సంపాదించడం, ప్రభుత్వ రహస్యాలు చేతికి తెచ్చుకోవడం, ఆ తర్వాత లోకాన్ని ఆక్రమించుకోవడం.

ఇక్కడొక విషయం గమనించండి. ఇంత పెద్ద ట్విస్ట్‌ని మామూలుగా ఎవరైనా క్లైమాక్స్‌కి దాచుకుంటారు. బ్యూసిక్ మొదటి ఇష్యూలోనే ఖర్చు పెట్టేశాడు. ఎందుకు? మాయాబజార్ గుర్తు తెచ్చుకోండి. పెళ్ళిపీటల మీద ఉన్నది శశిరేఖ కాదు, ఘటోత్కచుడు. అది మనకి తెలుసు, లక్ష్మణకుమారుడికి తెలియదు. కాలు తొక్కించుకున్న రేలంగి మొహం చూసి మనం నవ్వేది అందుకే. ఆ రహస్యం చివర్లో చెప్పి ఉంటే ఆ పెళ్ళి సీనుకి అంత సరదా వచ్చేది కాదు. థండర్‌బోల్ట్స్ రెండో ఇష్యూ నుంచి మన పరిస్థితి కూడా అదే. న్యూయార్క్ జనానికి తెలియదు, మనకి తెలుసు. ఒక చిన్నపిల్ల పరిగెత్తుకొచ్చి థాంక్స్ చెప్తుంటే మనకి లోపల ఎక్కడో ఇబ్బందిగా ఉంటుంది.

తేడా ఒక్కటే. ఘటోత్కచుడికి శశిరేఖగానే ఉండిపోదామనే ఆలోచన ఒక్క క్షణం కూడా రాదు. పని అవగానే వేషం తీసేస్తాడు. వీళ్ళకి అలా కాదు, వేషం అంటుకుపోతుంది. ఆ అంటుకుపోవడం కోసమే ఈ సిరీస్ ఫాలో అవ్వాలని నేనంటాను. ఫైట్లు ఏ కామిక్‌లోనైనా దొరుకుతాయి.

సాంగ్‌బర్డ్‌నే తీసుకోండి. అసలు పేరు మెలిస్సా గోల్డ్, పాత విలన్ పేరు స్క్రీమింగ్ మిమి. జీవితంలో ఎవరూ ఆమెతో మర్యాదగా మాట్లాడలేదు. ఇప్పుడు రోడ్డు మీద జనం పేరు పెట్టి పిలుస్తున్నారు. అట్లాస్ అంటే ఎరిక్ జోస్టెన్, ఎప్పుడూ ఎవరో ఒకరి కింద రౌడీగా బతికినవాడు. వాడికి మేయర్ ఆఫీసులో పనిచేసే అమ్మాయి మీద ఇష్టం పుడుతుంది. మాక్-1 అంటే ఎబ్నర్ జెంకిన్స్, స్పైడర్‌మ్యాన్ శత్రువుల్లో బీటిల్ ఉన్నాడే, అతనే. నాలుగో ఇష్యూలో జోల్ట్ అనే టీనేజ్ పిల్ల టీమ్‌లో చేరుతుంది. ఆన్‌స్లాట్ విధ్వంసంలో అమ్మానాన్నల్ని పోగొట్టుకున్న పిల్ల. వీళ్ళు నిజంగా హీరోలే అని నమ్మి చేరుతుంది. ఆ నమ్మకం ముందు వీళ్ళ మొహాలు చూడాలి. బాగ్లీ ఆ మొహాలు బాగా గీశాడు. మీటియరైట్, అంటే మూన్‌స్టోన్, సైకియాట్రిస్టు. అందరి మనసుల్లో ఏం జరుగుతోందో ఆమెకి తెలుసు, ఎటు లాభం ఉంటే అటు తోస్తూ ఉంటుంది. ఆమె మారిందా లేదా అన్నది చాలా ఏళ్ళు చదివినా తేలదు. నాకు ఈ టీమ్‌లో ఎక్కువ నచ్చే క్యారెక్టర్ అందుకే ఆమె.

పన్నెండో ఇష్యూకి మొదటి పెద్ద కథ అయిపోతుంది. అక్కడ ఎవరు జెమోతో ఉంటారు, ఎవరు ఎదురు తిరుగుతారు అన్నది మీరే చదవండి. కానీ దాని తర్వాత వచ్చే ఒక మలుపు చెప్పాలి. చాలామంది పన్నెండుతో ఆపేస్తారు, అసలు బరువంతా దాని తర్వాతే ఉంది. 21వ ఇష్యూలో హాకై వచ్చి లీడర్ అవుతాడు. హాకై కూడా 1964లో ఐరన్‌మ్యాన్ మీద దాడి చేసే విలన్‌గా పరిచయమైనవాడే, తర్వాత అవెంజర్స్‌లో చేరాడు. అంటే ఈ దారి నడిచి వచ్చినవాడు. వీళ్ళని బాగు చేస్తానంటాడు, ఒక షరతు పెడతాడు. ఎబ్నర్ గతంలో ఒక హత్య చేశాడు, దానికి లొంగిపోయి జైలుకి వెళ్ళాలి. లోకాన్ని కాపాడావు సరే, చచ్చినవాడి లెక్క ఎవరు కడతారు? సినిమాల్లో మనం ఎన్నోసార్లు చూశాం, విలన్ చివర్లో హీరో కోసం ఒక బుల్లెట్ తింటాడు, అన్నీ మాఫీ. ఇక్కడ మాఫీ లేదు. ఎబ్నర్ మెలిస్సాని వదిలి జైలుకి వెళ్తాడు. సూపర్‌హీరో కామిక్స్‌లో ఇంత నిక్కచ్చిగా ఈ ప్రశ్న అడిగినవి తక్కువ.

సరే, ఇప్పుడు తలనొప్పి భాగం. నంబర్లు. కార్తీక దీపం 2023లో అయిపోయింది కదా, మళ్ళీ 2024లో కార్తీక దీపం 2 అని మొదలైంది. దీప, కార్తీక్ వాళ్ళే, కథ వేరు. కామిక్స్‌లో ఇలాంటిది మాటిమాటికీ జరుగుతుంది. థండర్‌బోల్ట్స్ మొదటి సిరీస్ 81 ఇష్యూలతో ఆగింది. అందులో చివరి ఆరు, 76 నుంచి 81 దాకా, ఎవరో కొత్తవాళ్ళు చేసే అండర్‌గ్రౌండ్ ఫైటింగ్ కథ. పాత టీమ్‌తో పనే లేదు, హాయిగా వదిలేయండి. 2004లో న్యూ థండర్‌బోల్ట్స్ అని 18 ఇష్యూలు వచ్చాయి. 81కి 18 కలిపితే 99. కాబట్టి ఆ తర్వాతది 100వ ఇష్యూ అన్నారు! అలా 174 దాకా పోయి, 175 నుంచి పేరు డార్క్ అవెంజర్స్ అయింది. ఇవి చాలవన్నట్టు 1997లో మైనస్ 1 నంబర్‌తో ఒక ఇష్యూ ఉంది. ఆ నెల మార్వెల్ వాళ్ళు తమ సిరీసులకి అలా పాత కథల ఇష్యూలు వేశారు. యాప్‌లో అది కనిపిస్తే ఫోన్ పాడైందనుకోకండి.

అందుకని నంబర్ పట్టుకోకండి, రాసినవాడి పేరు పట్టుకోండి. ఒక రచయిత వరసగా రాసిన ఇష్యూలని రన్ అంటారు. బ్యూసిక్ రన్ 1 నుంచి 33. 34 నుంచి ఫేబియన్ నిసీజా అందుకుంటాడు, బ్యూసిక్ వదిలిన దారాలన్నీ పట్టుకునే నడుపుతాడు. 110 నుంచి 121 దాకా వారెన్ ఎల్లిస్, మైక్ డియోడాటో. ఇది 2007లో మొదలైంది, పూర్తిగా ఇంకో రకం కథ. ఇక్కడ విలన్లు మారడానికి రాలేదు, ప్రభుత్వం వాళ్ళకి బ్యాడ్జీ ఇచ్చి, చట్టానికి లొంగని హీరోల మీదకి వదిలింది. పైన కూర్చుని నడిపించేది నార్మన్ ఆస్బోర్న్, గ్రీన్ గాబ్లిన్. టీమ్‌లో బుల్స్‌ఐ, వెనమ్ లాంటివాళ్ళు. వాళ్ళ మధ్య మెలిస్సా ఒక్కతే నిజాయితీగా మిగులుతుంది. మొదటి 12 చదివి ఇక్కడికి దూకినా పర్లేదు, కానీ మెలిస్సా ఎక్కడి నుంచి వచ్చిందో తెలియకుండా ఇది చదివితే సగం రుచి పోతుంది. జెఫ్ పార్కర్ రన్ 138 నుంచి. 144లో ల్యూక్ కేజ్ జైలు ఖైదీలతో టీమ్ కడతాడు. సరదాగా ఉంటుంది, కాస్త మనసూ ఉంటుంది. సినిమాలో ఉన్న ఘోస్ట్ పేరుతో ఒక పాత్ర ఇందులో ఉంది, కానీ సినిమాలో ఉన్నామె కాదు.

మధ్యలో క్రాస్‌ఓవర్లు వస్తాయి, అంటే వేరే సిరీస్ కథ వచ్చి ఇందులో దూరుతుంది. ప్రతి క్రాస్‌ఓవర్ వెనకాల పరిగెడితే జీవితం సరిపోదు. ఇష్యూ మొదట్లో జరిగిందేంటో రెండు ముక్కల్లో చెప్తారు, దాంతో సరిపెట్టుకోండి.

సూసైడ్ స్క్వాడ్ సంగతేంటి అంటారా. జాన్ ఆస్ట్రాండర్ 1987లో మొదలుపెట్టి 66 ఇష్యూలు రాసిన సిరీస్ అది, అద్భుతం. సినిమాలో బాంబు మెడలో పెడతారు, ఆ కామిక్‌లో చేతికి కట్టే కడియంలో ఉంటుంది. అక్కడ చావు భయంతో మంచి పని చేస్తారు, ఇక్కడ అబద్ధం ఆడుతూ ఆడుతూ చేస్తారు. రెండూ ఒకేసారి మొదలుపెట్టకండి.

ఎక్కడ చదవాలి? బెజవాడలో లెనిన్ సెంటర్ పాత పుస్తకాల షాపులు, జనవరిలో పుస్తక మహోత్సవం, ఈ రెండు చోట్లా వెతకడం మంచి కాలక్షేపమే. కానీ అక్కడ అమెరికన్ కామిక్ దొరికితే విడిగా ఒక ఇష్యూ దొరుకుతుంది, దాని ముందుదీ ఉండదు, వెనకదీ ఉండదు. వరసగా చదవాలంటే రెండు దారులు. థండర్‌బోల్ట్స్ క్లాసిక్ అనే సంకలనాల్లో మొదటి ఇష్యూలు కలిపి వేశారు. లేదా మార్వెల్ అన్‌లిమిటెడ్ యాప్‌కి చందా కట్టడం. అందులో కొత్త ఇష్యూలు బయటికొచ్చిన దాదాపు మూడు నెలలకి వస్తాయి, పాతవి బోలెడు ఉంటాయి. ఒక నెల కట్టి 33 ఇష్యూలు చదివి ఆపేసినా నష్టం లేదు. టెలిగ్రామ్ స్కాన్‌లు నేను చెప్పను. అది తప్పన్న సంగతి అలా ఉంచితే, వాటిలో పేజీలు మిస్సవుతాయి. ఈ కథలో చివరి పేజీ మిస్సయితే ఇంకేముంది.

గుడివాడ ప్యాసింజర్‌లో కూర్చుని ఫోన్‌లో చదివేవాళ్ళకి ఒక మాట. యాప్‌లో ఒక్కో బొమ్మని పెద్దది చేసి చూపించే మోడ్ ఉంటుంది. చిన్న స్క్రీన్ మీద మాటలు చదవడానికి బాగుంటుంది, కానీ మాస్కులు తీసే పేజీ లాంటివి ముక్కలుగా చూస్తే దెబ్బ తగలదు. ప్రతి ఇష్యూ చివరికి వచ్చేసరికి ఆ మోడ్ ఆపేసి పేజీ మొత్తం చూడండి. రెండు పేజీలు కలిసిన బొమ్మ వస్తే ఫోన్ అడ్డంగా తిప్పండి. క్యారెక్టర్ ఎవరో తెలియక గూగుల్ చేస్తే మాత్రం చచ్చారే. సిటిజన్ వి అని కొట్టగానే మొదటి లైన్లోనే అన్నీ చెప్పేస్తాడు.

తెలుగు మీడియంలో చదివినవాళ్ళు ఇంగ్లీష్ కదా అని భయపడుతున్నారు. ఈ కామిక్స్ తెలుగులో లేవు, అది నిజం. కానీ ఇందులో ఉండేది మాట్లాడే ఇంగ్లీష్, పాఠ్యపుస్తకం ఇంగ్లీష్ కాదు. అన్నీ పెద్దక్షరాల్లో ఉంటాయి కాబట్టి మొదటి పది పేజీలు కళ్ళకి ఇబ్బందిగా ఉంటుంది, తర్వాత అలవాటైపోతుంది. మాట అర్థం కాకపోతే మొహం చూడండి, మొహం చెప్తుంది. ఒకటో ఇష్యూ రెండుసార్లు చదవండి. మొదటిసారి కథ కోసం, రెండోసారి చివరి పేజీ తెలిశాక. వీళ్ళు హీరోల్లా మాట్లాడిన మాటల్లో రెండో అర్థం అప్పుడు కనిపిస్తుంది.

చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం గారి సీరియల్ కోసం మన పెద్దవాళ్ళు నెలంతా ఎదురుచూసేవాళ్ళు. మీరు అంత ఆగక్కర్లేదు గానీ, రోజుకి రెండు ఇష్యూలకి మించి చదవకండి. ఎబ్నర్ జైలుకి వెళ్ళే రోజు మాత్రం ఒక్కటి చాలు.

వచ్చే ఎపిసోడ్ సూసైడ్ స్క్వాడ్, ఆస్ట్రాండర్ రన్. ఈలోపు పన్నెండో ఇష్యూ దాకా వచ్చినవాళ్ళు నాకు ఒకటి చెప్పండి: మూన్‌స్టోన్ ఆ రోజు చేసింది మనసు మారి చేసిందా, లెక్క వేసుకుని చేసిందా? ఉంటాను మరి.