త్రీ నాట్ త్రీ: చవక తుపాకి జీవితకథ

తమిళనాడులో మా వైపు మంసాపురం కొండవార ఊరు. పడమటి కనుమల అడవి దగ్గరే. 2021లో ఆ అడవిని శ్రీవిల్లిపుత్తూరు–మేఘమలై పులుల రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. అడవిపందులు పంట మీద పడడం ఇలాంటి ఊళ్లన్నిటికీ ఉన్న బాధే. రాత్రంతా కాపలా కాసి, తెల్లారేసరికి చేను కుళ్లగించి ఉండడం చూసిన రైతుకు ‘చేతిలో ఒక తుపాకి ఉంటేనా’ అనిపిస్తే తప్పు పట్టలేం. మన చట్టం ఆ రైతు సంగతి మరిచిపోలేదు. 1959 ఆయుధాల చట్టం 13వ సెక్షన్‌లో పంట రక్షణ కోసం లైసెన్సు ఇచ్చే వీలుంది. అయితే అది మామూలుగా గొట్టం మూతి నుంచి మందు కూరే పాతకాలపు తుపాకికే. దానితో అడవి జంతువును కాల్చాలంటే 1972 నాటి వన్యప్రాణుల చట్టం అడ్డొస్తుంది, అది వేరే సంగతి. సైన్యం వాడే గుండు పట్టే రైఫిల్ మామూలు మనిషికి ఇక్కడ దొరకదు. త్రీ నాట్ త్రీ అనే పాత సైనిక రైఫిల్ నిషేధిత జాబితాలో ఉంది.

అమెరికాలో ఇదే రైఫిల్‌ను మామూలు జనం ఏళ్ల తరబడి చవగ్గా కొనుక్కున్నారు. సైన్యాలు వదిలేసిన తుపాకులను వ్యాపారులు టోకున కొని దుకాణాల్లో పెట్టేవారు. అలా అక్కడికి చేరిన వాటిలో మన దేశంలో తయారైనవీ ఉన్నాయి. కోల్‌కతాకు ఉత్తరాన హుగ్లీ ఒడ్డున ఉన్న ఇషాపూర్ రైఫిల్ కర్మాగారం ముద్ర వాటి ఉక్కు మీద కనిపిస్తుంది. అంత పనితనం ఉన్న యంత్రం అంత చవగ్గా ఎలా వచ్చిందో, కొన్నవాడికి చివరికి ఎంత పడిందో తెలియాలంటే దాని పుట్టుక దగ్గర మొదలుపెట్టాలి.

జేమ్స్ పారిస్ లీ 1831లో స్కాట్లండ్‌లో పుట్టాడు. చిన్నప్పుడే కుటుంబంతో కెనడా వెళ్లాడు. గడియారాల పని నేర్చి, తర్వాత అమెరికా చేరాడు. ఆయన పేరు నిలబెట్టింది 1879లో పేటెంటు పొందిన ఒక చిన్న ఇనుప పెట్టె. తూటాలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి, అడుగున ఉన్న స్ప్రింగు వాటిని పైకి నెడుతూ ఉంటుంది. ఈ రోజు ప్రపంచంలో దాదాపు ఏ సైనికుడి తుపాకి చూసినా కింద వేలాడే మ్యాగజైన్ కనిపిస్తుంది. దానికి మూలం ఆ పెట్టే.

దాని పైన ఉండేది బోల్ట్. తలుపు గడియ తీసినట్టు పిడి పైకెత్తి వెనక్కి లాగితే, కాలిన తూటా తాలూకు ఇత్తడి తొడుగు ఎగిరి బయట పడుతుంది. ముందుకు తోసి పిడి దించితే కొత్త తూటా గొట్టంలోకి వెళ్లి బిగుసుకుంటుంది. లీ బోల్ట్‌కు గుబ్బలు వెనక భాగంలో ఉంటాయి. అందువల్ల పిడి తిప్పే దూరం తక్కువ, లాగే దూరమూ తక్కువ. సాధన చేసిన సిపాయి నిమిషానికి 15 గుళ్లు గురి చూసి పేల్చగలిగేవాడు. ఆ సౌలభ్యానికి ఒక లోపం తోడుంది. పేలుడు ఒత్తిడికి వెనక గుబ్బల బోల్ట్ కొద్దిగా నొక్కుకుపోతుంది, చుట్టూ ఉన్న ఉక్కు కొద్దిగా సాగుతుంది. రైఫిల్ కొత్తగా ఉన్నప్పుడు దాన్ని పట్టించుకోనక్కరలేదు. వేల గుళ్లు పేలి, చేతులు మారి, ముసలితనం వచ్చాక అదే ప్రాణం మీదికి తెస్తుంది.

1888లో బ్రిటిష్ సైన్యం లీ యంత్రానికి మెట్‌ఫర్డ్ అనే ఇంజినీరు గీసిన గాడుల గొట్టాన్ని జోడించి లీ–మెట్‌ఫర్డ్ రైఫిల్‌ను తీసుకుంది. గొట్టం లోపల మెలి తిరిగిన గాడులు గుండును గిర్రున తిప్పుతాయి. తిరిగే గుండే దారి తప్పకుండా వెళ్తుంది. మెట్‌ఫర్డ్ గాడులు లోతు లేనివి, నల్లమందుకు సరిపోయాయి. అంతలో కార్డైట్ వచ్చింది. నైట్రోగ్లిజరిన్, గన్‌కాటన్, కాస్త వేజలీన్ కలిపి సన్నటి పోగులుగా తీసే పొగలేని మందు అది. మన నీలగిరుల్లో అరువంకాడు కార్డైట్ కర్మాగారం పుట్టింది దాన్ని తయారు చేయడానికే. కార్డైట్ మంట వేడికి మెట్‌ఫర్డ్ గాడులు త్వరగా అరిగిపోయాయి. 1895లో ఎన్‌ఫీల్డ్ కర్మాగారం లోతైన అయిదు గాడుల గొట్టం చేసింది. లీ–ఎన్‌ఫీల్డ్ అనే పేరు అలా వచ్చింది. 1904లో పొట్టి నమూనా, 1907లో దాని మూడో రూపం వచ్చాయి. బరువు సుమారు 4 కిలోలు, మ్యాగజైన్‌లో 10 తూటాలు, గాడులు తీయకముందు గొట్టం లోపలి వ్యాసం అంగుళంలో 303 వేల వంతులు. మన ఠాణాల్లో ‘త్రీ నాట్ త్రీ’ అని పిలుచుకున్నది ఈ కొలతనే. సుమారు 11 గ్రాముల గుండు గొట్టం దాటేటప్పుడు సెకనుకు 740 మీటర్ల వేగంతో పోతుంది.

ఇషాపూర్‌లో 20వ శతాబ్దం మొదటి దశకంలోనే ఈ రైఫిళ్ల తయారీ మొదలైంది. మన వాతావరణంలో కొయ్య వానకు ఉబ్బుతుంది, ఎండకు పగులుతుంది. కొయ్యకు అడ్డంగా ఒక మర బిగించి ఆ పగుళ్లను ఆపారు. పాత రైఫిల్ చేతికొస్తే పక్కగా చూడండి, ఆ మర తల కనిపిస్తే అది హిందుస్తాన్ ఎండావానలు చూసిన తుపాకి. పేరు తెలియని ఏ కార్మికుడి ఆలోచనో అది. ఈ కథలో నాకు బాగా నచ్చిన భాగం ఇదే.

ఆ రైఫిల్ ఎవరి చేతికి వెళ్లాలన్నది మాత్రం కార్మికుడి చేతిలో లేదు. మా దక్షిణ సీమకు తుపాకి మీద ఆంక్షలు పాత పరిచయం. పాంచాలంకురిచ్చిని ఏలిన తెలుగు వంశీకుడు వీరపాండ్య కట్టబొమ్మన్‌ను 1799లో కయత్తారులో ఉరితీశారు. పాలెగార్ల పోరు ముగిశాక 1801 డిసెంబరులో ఈ ప్రాంతపు జనం ఆయుధాలు పట్టకూడదని ఈస్టిండియా కంపెనీ ప్రకటన చేసింది. 1857 తిరుగుబాటు తర్వాత మరో పద్ధతి పెట్టుకున్నారు. తెల్ల సిపాయికి కొత్త తుపాకి, దేశీ సిపాయికి దాని ముందు తరంది, పోలీసుకు అంతకన్నా పాతది. 1914లో ఫ్రాన్సులోని మార్సేలో దిగిన భారతీయ దళాలకు చేతిలోవి పనికిరావని అక్కడే కొత్త రైఫిళ్లు ఇవ్వాల్సి వచ్చింది. మిగులు తుపాకి అంటే మనకు మొదటినుంచీ అర్థం అదే: పైవాడు వాడి వదిలింది.

అలా వదిలినవి చేరిన చోటు మన్యం ఠాణాలు. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో వరసగా చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద అల్లూరి సీతారామరాజు దాడి చేసి 26 తుపాకులు, 2,500 దాకా తూటాలు పట్టుకెళ్లాడు. అడవిలో విల్లంబులతో తిరిగిన దళానికి అది పెద్ద బలం. కానీ తుపాకి ఒకసారి చేతికొస్తే ఏళ్లపాటు ఉంటుంది, తూటా పేలితే పోతుంది. సర్కారు ఆ సూక్ష్మం వెంటనే గ్రహించి మన్యం స్టేషన్లలోని ఆయుధాలను తరలించేసింది. అక్టోబరులో అడ్డతీగల మీద పడ్డ దళానికి తుపాకులు దక్కలేదు. పాత తుపాకి ఎంత చవగ్గా వచ్చినా తూటా ఎక్కడ దొరుకుతుందన్న ప్రశ్న దాన్ని వదలదు.

రెండో ప్రపంచ యుద్ధం ముగిసేసరికి లోకమంతా రైఫిళ్లే. లీ–ఎన్‌ఫీల్డ్ రకాలే మొత్తం కోటీ 70 లక్షలకు పైగా తయారయ్యాయని అంచనా. సైన్యాలు తూటాను వాటంతటవే ఎక్కించుకునే కొత్త తుపాకులకు మారాయి. పాతవి గోదాముల్లో పేరుకుపోయాయి. శామ్యూల్ కమింగ్స్ అనే అమెరికన్ 1953లో ఇంటరార్మ్స్ అనే సంస్థ పెట్టి, దేశదేశాల సైన్యాల దగ్గర ఇలాంటి సరుకు టోకున కొని చిల్లరగా అమ్మి కోట్లకు పడగెత్తాడు. చవక రహస్యం ఇక్కడే ఉంది. ఉక్కుకు, అక్రోటు కొయ్యకు, వేల కొలతల తనిఖీకి డబ్బు ఎప్పుడో యుద్ధకాలంలో పన్నులు కట్టిన జనం చెల్లించేశారు. వ్యాపారి చెల్లించేది తూకం ధర, ఓడ కిరాయి. కొనేవాడికి మాత్రం కొత్త వేట తుపాకి ధరలో చిన్న వంతుకు సైన్యం పరీక్షించిన యంత్రం దొరుకుతుంది. అది మొండిది కూడా. కెనడా ఉత్తరపు మంచులో తిరిగే రేంజర్లు 1940లలో అందుకున్న లీ–ఎన్‌ఫీల్డ్‌ను 2010ల దాకా వదల్లేదు, చలికి బిగుసుకుపోదు కనుక.

మోజుకు కారణాలు ఇవి. నష్టాలు కొన్నాక బయటపడతాయి.

బోల్ట్ సంగతే చూద్దాం. కర్మాగారంలో ప్రతి బోల్ట్‌నూ దాని తుపాకికే సరిపోయేలా అమర్చి, రెండింటి మీదా ఒకే నంబరు కొట్టేవారు. తూటా అంచుకు, బోల్ట్ ముఖానికి మధ్య ఉండాల్సిన సందు వెంట్రుకవాసి లెక్క. గోదాముల్లో బోల్టులన్నీ విడదీసి కుప్ప పోసి, అమ్మే ముందు చేతికొచ్చింది తగిలిస్తే నంబర్లు కలవవు. సందు పెరిగిన తుపాకిలో ఇత్తడి తొడుగు సాగి మధ్యకు తెగవచ్చు. మండే వాయువు వెనక్కి, అంటే కాల్చేవాడి ముఖం వైపు వస్తుంది.

గొట్టంలో దాగే శత్రువు ఇంకొకటి. దాన్ని అర్థం చేసుకోవడానికి మాకు దూరం పోనక్కరలేదు, పక్కనే శివకాశి ఉంది. అగ్గిపుల్ల తలలో ఉండే పొటాషియం క్లోరేటే పాత సైనిక తూటాల అడుగున ఉండే ప్రైమర్‌లోనూ ఉండేది. ట్రిగ్గర్ నొక్కితే సూది వెళ్లి ప్రైమర్‌ను కొడుతుంది, క్లోరేట్ తన ఆక్సిజన్ వదిలి మంట పుట్టిస్తుంది. మిగిలేది పొటాషియం క్లోరైడ్. వంట ఉప్పుకు దగ్గర చుట్టం. గాలిలో తేమను లాక్కుని గొట్టం లోపల తుప్పు పట్టిస్తుంది. నూనె గుడ్డతో తుడిస్తే ఆ ఉప్పు పోదు, నీళ్లలోనే కరుగుతుంది. అందుకే ఆనాటి సిపాయిలు కాల్పులయ్యాక మరిగే నీళ్లు గొట్టంలో పోసి కడిగి, ఆరబెట్టి, అప్పుడు నూనె రాసేవారు. ఒక్క సాయంత్రం బద్ధకించినా గాడుల అంచులు చెడేవి. పెయింటు, పాలిష్‌తో పైకి మెరిసే రైఫిల్ లోపల గుంటలు పడి ఉండవచ్చు. గొట్టం మార్పించాలంటే తుపాకి కొన్న దానికన్నా ఎక్కువ అవుతుంది.

పోలికను చూసి మోసపోయే ప్రమాదమూ ఉంది. మన పోలీసులకు అల్లర్ల పని కోసం ఇషాపూర్ త్రీ నాట్ త్రీని మార్చి, గాడులు లేని .410 మస్కెట్‌గా చేసింది. ఒక్కో గుండు చేత్తో పెట్టి కాల్చాలి. చూడ్డానికి రైఫిలే. 1962 చైనా యుద్ధంలో మన జవాన్లు త్రీ నాట్ త్రీలతోనే నిలబడ్డాక, ఇషాపూర్ మేలైన ఉక్కుతో అదే రూపంలో 7.62 మిల్లీమీటర్ల తూటా పట్టే 2ఏ, తర్వాత 1965లో 2ఏ1 చేసింది. ఆ తూటా ఒత్తిడి ఎక్కువ. పాత ఉక్కుకూ కొత్త ఉక్కుకూ తేడా కంటికి తెలియదు, లోపలి కొలతలు, ముద్రలు చదవగలిగిన వాడికే తెలుస్తుంది. వీటన్నిటికీ మించి, పాకిస్తాన్‌లో కోహాట్ దారిలోని దర్రా ఆదంఖేల్ బజారులో చేత్తో చేసిన నకళ్ల మీద విక్టోరియా రాణి కిరీటం ముద్ర కూడా ఉంటుంది, ఉక్కు ఏ రైలు పట్టాదో చెప్పలేం.

యంత్రం బాగున్నా చవకతనమే ఒక నష్టం. 1963 మార్చిలో ఒక యువకుడు షికాగోలోని దుకాణానికి తపాలాలో డబ్బు పంపి, ఇటలీ సైన్యం వదిలేసిన కార్కానో రైఫిల్‌ను దూరదర్శినితో సహా 19 డాలర్ల 95 సెంట్లకు తెప్పించుకున్నాడు. మారు పేరు పెట్టాడు, ఎవరూ అడగలేదు. ఆ నవంబరులో డాలస్‌లో అధ్యక్షుడు కెనడీని చంపింది ఆ తుపాకే. 1968లో గానీ అమెరికా తపాలా అమ్మకాలను, మిగులు సైనిక తుపాకుల దిగుమతిని కట్టడి చేయలేదు, దిగుమతి తలుపులు 1980లలో మళ్లీ తెరిచింది.

మన దగ్గర త్రీ నాట్ త్రీ ఇళ్లలోకి రాలేదు, ఠాణాల్లో ముసలిదైంది. చవగ్గా ఉందని, ఇంకా పేలుతోందని ప్రభుత్వాలు దాన్ని పోలీసు భుజం మీదే ఉంచేశాయి. 2008 నవంబరు 26 రాత్రి ముంబయి ఛత్రపతి శివాజీ స్టేషన్‌లో ఏకే తుపాకులతో వచ్చిన హంతకులకు ఎదురైన రైల్వే పోలీసుల చేతుల్లో లాఠీలు, ఈ రైఫిళ్లు ఉన్నాయి. అరవై ఏళ్ల కిందట ఆదా చేసిన డబ్బుకు ఆ రాత్రి ప్రాణాలతో వడ్డీ కట్టాం. ఉత్తరప్రదేశ్ పోలీసులు 2020 గణతంత్ర దినోత్సవ కవాతులో దానికి చివరి వీడ్కోలు పలికారు. పదకొండేళ్లు ఆలస్యంగా.

ఒక యంత్రంగా లీ–ఎన్‌ఫీల్డ్‌ను నేను ఎంతో గౌరవిస్తాను. దాని చోటు మ్యూజియం, కాకపోతే కొలిమి. వదిలేసిన సైనిక తుపాకులను బజారులోకి రానివ్వని మన చట్టం సరైనదనే నా నమ్మకం. పందుల బాధ పడే కొండవార రైతుకు కావలసింది కంచె, వేళకు అందే పరిహారం, పిలిస్తే పలికే అటవీ సిబ్బంది.

ఇది చదువుతున్న వాళ్ల ఇళ్లలో అటక మీద తాతల నాటి తుపాకి ఏదైనా ఉండి, లైసెన్సుదారు కాలం చేసి ఉంటే, పేలుతుందో లేదోనని చూడకండి. లోపల ఏముందో, గొట్టం ఎంత చెడిందో మీకు తెలియదు. ఆయుధాల చట్టం 21వ సెక్షన్ ప్రకారం దాన్ని ఆలస్యం చేయకుండా దగ్గరలోని పోలీసు స్టేషన్‌లో గానీ లైసెన్సు ఉన్న డీలరు దగ్గర గానీ అప్పగించి రసీదు తీసుకోండి.