డబ్బా ఖాళీ.. విషం మాత్రం ఖాళీ కాదు!

మిరప చేలో మందు కొట్టడం అయిపోతుంది. ఖాళీ సీసా గట్టున పడుతుంది. మూత బిగువుగా ఉన్న గట్టి ప్లాస్టిక్ డబ్బా అయితే పారేయడానికి రైతుకు మనసొప్పదు. కాలువలో జాడించి ఇంటికి తెస్తాడు. నూనెకో, విత్తనాలకో, చేనికి మంచినీళ్లు పట్టుకెళ్లడానికో పనికొస్తుందని ఆశ. ఆ ఆశే ప్రాణాల మీదకు తెస్తుంది.

గుంటూరు, ప్రకాశం నల్లరేగడి నేలల్లో పత్తికి, మిరపకు పురుగుమందు తప్పడం లేదు. 1980 దశకంలో తెల్లదోమ పత్తి రైతును కుదేలు చేసింది. 2021లో నల్ల తామర పురుగు మిరప పూతను ఊడ్చేసింది. రెండుసార్లూ రైతులు మందు మీద మందు కొట్టారు. ఎన్ని మందులు కొడితే అన్ని డబ్బాలు ఊళ్లో పోగుపడతాయి.

బీహార్‌లో జరిగిందిదే

2013 జులైలో బీహార్‌లోని సారణ్ జిల్లాలో బడిలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ ఉన్నట్లు పరీక్షల్లో తేలింది. పురుగుమందు డబ్బాలో నూనె పోసి ఉంచడమే కారణమని అధికారులు అనుమానించారు. పత్తి రైతులకు ఆ మందు పేరు కొత్తది కాదు.

నూనెలాంటి మందులు డబ్బా గోడలకు అంటుకుంటాయి. కొంత ప్లాస్టిక్‌లోకీ ఇంకుతుంది. సబ్బుతో తోమితే వాసన పోవచ్చు గానీ విషం పోదు. డబ్బాపై ఎరుపు ముక్కోణం ఉంటే అత్యంత విషపూరితం. ఆ తర్వాత వరుసగా పసుపు, నీలం, ఆకుపచ్చ. ఆకుపచ్చ ఉన్నా అది మందే, తిండిగిన్నె కాదు.

మూడుసార్లు కడగాలి

మందు అయిపోగానే చేలోనే డబ్బాలో పావువంతు నీళ్లు పోసి, మూత బిగించి అర నిమిషం కుదపాలి. ఆ నీటిని స్ప్రేయర్ ట్యాంకులోనే పోయాలి. ఇలా మూడుసార్లు చేస్తే అడుగున మిగిలిన మందు కూడా పైరుకే దక్కుతుంది. చేతికి తొడుగులు మరువరాదు. కాలువలో, చెరువులో మాత్రం కడగరాదు. సాగర్ కుడి కాలువ నీటిని చెరువుల్లో నింపుకుని తాగే ఊళ్లు ఈ ప్రాంతంలో ఎన్నో ఉన్నాయి. డబ్బాలను తగలబెడితే ఆ పొగ కూడా ప్రమాదమే.

మిగిలిన మందును కూల్‌డ్రింక్ సీసాల్లో పోసి అటక మీద పెట్టడం మరీ ప్రమాదం. దాన్ని అసలు డబ్బాలోనే, పిల్లలకు అందకుండా తాళం వేసి ఉంచాలి.

బాధ్యత ఎవరిది?

ఖాళీ డబ్బాలను మళ్లీ వాడకుండా పగలగొట్టి, నివాసాలకు దూరంగా పూడ్చే బాధ్యతను 1971 నాటి పురుగుమందుల నియమాలు తయారీదారులపైన, మందు కొట్టే సంస్థలపైన పెట్టాయి. 2016 నాటి ఘన వ్యర్థాల నియమాలు పురుగుమందు డబ్బాలను ఇళ్లలోని ప్రమాదకర వ్యర్థాల్లో చేర్చాయి. వీటిని చెత్తలో కలపకుండా విడిగా సేకరించాలి. మందు అమ్మే దుకాణం దగ్గరే ఖాళీ డబ్బా తిరిగి తీసుకుంటే, పంచాయతీ ఊరికొక తాళం వేసిన తొట్టి పెడితే సగం సమస్య తీరుతుంది.

అంతవరకు రైతు చేతిలో ఉన్న ఉపాయం ఒక్కటే. కడిగిన డబ్బా అడుగున మేకుతో నాలుగు పోట్లు పొడవాలి. ఇక అందులో నూనె నిలవదు, నీళ్లు నిలవవు. ఇంటికి తేవాలన్న ఆశా ఉండదు.