తలుపు తట్టినప్పుడల్లా లేవాలా?

బుక్కరాయసముద్రం లాంటి చెరువు ఊళ్లలో పెరిగినవాళ్లకు చెరువు నీటిని చూసుకునే నీరుగంటి గురించి చెప్పక్కర్లేదు. మామూలు రోజుల్లో ఆయన తన పనిలో తానుంటాడు. తూము దగ్గర తేడా వస్తే ఎవరో ఒకరు కబురు తెస్తారు. కంప్యూటర్ భాషలో ఆ కబురే ఇంటరప్ట్. చెరువు మరువ పారే రాత్రి మాత్రం కబురు కోసం ఇంట్లో కూర్చోడు, కట్ట మీదే కాపలా ఉంటాడు. అది పోలింగ్. డివైస్ డ్రైవర్లు రాసేవాళ్లకు తెగని తగువంతా ఈ రెంటి మధ్యే.

అపోహ: పోలింగ్ దండగ, ఇంటరప్టే మేలు.

వాస్తవం: రద్దీ లేనప్పుడు నిజమే. నెట్‌వర్క్ ప్యాకెట్లు వరదలా వచ్చిపడితే ప్రాసెసర్‌కు తలుపు తీయడంతోనే సరిపోతుంది, వచ్చినవాళ్లను పలకరించే తీరికుండదు. దీన్ని లైవ్‌లాక్ అంటారు. 1996లో జెఫ్రీ మొగల్, కె.కె. రామకృష్ణన్ దీనిపై పరిశోధన పత్రం రాసి, విరుగుడు కూడా చూపించారు. లినక్స్‌లోని నాపీ పద్ధతి అచ్చం నీరుగంటి తీరే: మొదటి కబురుకు లేస్తుంది, ఆపై కబుర్లు ఆపేసి తానే చూసుకుంటుంది, తాకిడి తగ్గాక మళ్లీ ఇంటిదారి పడుతుంది.

అపోహ: ఇంటరప్ట్ రాగానే నడిచే హ్యాండ్లర్‌లోనే పనంతా ముగిస్తే ఆలస్యం ఉండదు.

వాస్తవం: ఆ ఒక్క పనికి ఉండదు. మరి పక్కవాళ్ల సంగతి? బోరు మోటారుకు పెట్టే సెల్‌ఫోన్ స్టార్టర్‌నే తీసుకోండి. అందులోని మోడెమ్ సెకనుకు 1,15,200 బిట్ల వేగంతో మాట్లాడితే, మొదలు, ముగింపు బిట్లు కలుపుకుని సుమారు 87 మైక్రోసెకన్లకో బైటు వస్తుంది. ఒక్క బైటే పట్టే చిప్పులో, మోటారు కరెంటు కొలిచే హ్యాండ్లర్ మిగతా ఇంటరప్టులను 200 మైక్రోసెకన్లు మూసి కూర్చుందనుకోండి, మధ్యలో ఓ అక్షరం గల్లంతు. మోటారు ఆపమన్న మెసేజీ ముక్కలై చేరుతుంది. హ్యాండ్లర్ బైటును తీసి బఫర్‌లో వేసి బయటపడాలి; లెక్కలు తర్వాత. పోనీ, చిప్పులోనే పదహారు బైట్లు పోగయ్యాక పిలవమంటే? పిలుపులు తగ్గుతాయి, మొదటి బైటుకు ఎదురుచూపు పెరుగుతుంది. ఏదో ఒకటి వదులుకోవాల్సిందే.

అపోహ: రియల్ టైమ్ అంటే మహా వేగం.

వాస్తవం: గడువు తప్పకపోవడం, అంతే. రియల్ టైమ్ లినక్స్‌లో చాలా హ్యాండ్లర్లు థ్రెడ్లుగా నడుస్తాయి కాబట్టి తొందర పని వాటిని దాటి ముందుకు రాగలదు. మొత్తం మీద జరిగే పని కాస్త తగ్గినా, ఆలస్యానికి హద్దు దొరుకుతుంది. ఈ పద్ధతి దాదాపు 20 ఏళ్లు విడి ప్యాచ్‌గా తిరిగి, 2024లో 6.12 వెర్షన్‌తో అసలు లినక్స్‌లో చేరింది.

జంతలూరులోనో అనంతపురంలోనో చదువుతూ మొదటి డ్రైవర్ రాస్తున్న పిల్లలకో మాట. హ్యాండ్లర్‌కు పట్టే సగటు సమయం చూసి మురిసిపోకండి. హ్యాండ్లర్ మొదలవగానే ఒక పిన్ను ఎత్తండి, ముగిశాక దించండి. ఆసిలోస్కోప్ తగిలించి రాత్రంతా నడపండి. పొద్దున లేచి, అన్నిటికన్నా చెడ్డ అంకెను రాసుకోండి.