రైలు దిగేదాకా చుట్టమే!

సికింద్రాబాద్‌లో రైలెక్కి సూట్‌కేసు సీటు కిందికి తోసేలోపే ఎదుటి సీటాయన అడిగేస్తాడు, ‘ఎందాకండీ?’ అని. వరంగల్ వచ్చేసరికి ఏ ఊరో, ఏం చేస్తారో, పిల్లలెక్కడ స్థిరపడ్డారో తెలిసిపోతుంది. ఖమ్మం దాటాక డబ్బా మూత తెరుచుకుంటుంది. ‘మొహమాటపడకండి, మా ఆవిడ చేసిన పులిహోర’ అంటూ కాగితం ప్లేటు మన చేతిలో పెడతారు. విజయవాడలో దిగేటప్పుడు ఫోన్ నంబర్లు ఇచ్చిపుచ్చుకుంటారు. ఆ తర్వాత ఆ నంబరుకు ఇద్దరిలో ఎవరూ ఫోన్ చెయ్యరనుకోండి, అది వేరే సంగతి.

పులిహోర అయ్యాక, ఆయనే గొంతు తగ్గించి ‘ఏమీ అనుకోకండి, ఒక మూడు వేలు సర్దగలరా? రేపు పొద్దున్నే పంపించేస్తా’ అంటే? పర్సు పోయిందనో, కార్డు పనిచెయ్యట్లేదనో, ఆసుపత్రిలో అత్యవసరమనో ఒక కారణం చెబుతారు. అది నిజమే కావచ్చు. ఇవ్వనంటే తిన్న పులిహోర గొంతులోనే అడ్డం పడుతుంది. ఇస్తే ఇంటికెళ్లాక అర్ధాంగి అడిగే ప్రశ్నలకు జవాబుండదు.

ఎవరి తాలూకు?

మన ఊళ్లలో చేబదులు మొహం చూసి పుట్టేది కాదు. మనిషి ఉండదగిన ఊరు ఏదో చెబుతూ సుమతీ శతకకారుడు ముందుగా తలచుకున్నది అప్పిచ్చేవాణ్నే. అయితే ఆయన మాట్లాడింది ఊరి గురించి. అక్కడ అప్పు పుట్టాలంటే ‘ఎవరి తాలూకు?’ అన్న ప్రశ్నకు జవాబుండాలి. ఫలానావారి అల్లుడు, ఫలానా వీధి, కాలవ కింద రెండెకరాలు. ఎగ్గొడితే రేపు పెళ్లిలో బంతి మీద పక్కనే కూర్చోవాలి. ప్రాంసరీ నోటు మీద అంటించే రెవెన్యూ స్టాంపు కంటే ఆ సిగ్గే గట్టి హామీ.

రైల్లోనూ మనం అదే ప్రశ్న వేస్తాం. ఎదుటివాడు తెనాలి అంటే ‘మా మేనత్తదీ తెనాలే’ అని సంబరపడిపోతాం. ఊరిపేరు కలిసింది కాబట్టి మనిషి తెలిసిపోయాడనుకుంటాం. ఊళ్లో ఆ జవాబును నలుగురు సరిచూస్తారు. బోగీలో సరిచూసేవాడు లేడు. పైగా మన మేనత్త సంగతి మనమే చెప్పేశాం కాబట్టి, అవసరమైతే ఆవిడ పక్కింట్లోనే అద్దెకున్నానని చెప్పడం అతనికి పెద్ద కష్టం కాదు.

పాతకాలం వాళ్లు ఈ విషయంలో మనకంటే తెలివిగా ఉన్నారు. ఏనుగుల వీరాస్వామయ్య 1830లో చెన్నపట్నం నుంచి కాశీకి బయల్దేరి 1831లో తిరిగొచ్చాడు. ఆ రోజుల్లో దూర ప్రయాణాలకు దేశమంతటా హుండీలు నడిచేవి. ఒక ఊరి సాహుకారు దగ్గర సొమ్ము కట్టి కాగితం రాయించుకుంటే, ఇంకో ఊళ్లో అతని మనిషి దగ్గర పుచ్చుకోవచ్చు. దారిలో కలిసినవాడి మంచితనం మీద ఆధారపడకుండా, సాహుకారు పరపతి మీద ఆధారపడే ఏర్పాటది.

మొహం చూస్తే తెలుస్తుందా?

‘నేను మనిషిని చూడగానే చెప్పేస్తాను’ అనేవాళ్లు ప్రతి ఇంట్లో ఒకరుంటారు. ఎక్కువగా మోసపోయేది కూడా వాళ్లేనని నా అనుమానం. అబద్ధాన్ని కనిపెట్టడంపై జరిగిన వందలాది ప్రయోగాలను చార్లెస్ బాండ్, బెల్లా డిపాలో అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో ఒకచోట చేర్చి లెక్కగట్టారు. నిజమో అబద్ధమో మనుషులు సరిగ్గా చెప్పగలిగింది నూటికి 54 సార్లే. బొమ్మాబొరుసూ వేసినా యాభై వస్తుంది కదా!

దీనికి ప్రయాణపు మత్తు తోడవుతుంది. దారిన పోయే కొత్తవాడి ముందు మనుషులు తమ గుట్టంతా విప్పేస్తారని జర్మన్ సామాజికవేత్త గియోర్గ్ జిమ్మెల్ 1908లోనే రాశాడు. మళ్లీ కనబడడన్న ధీమానే అందుకు కారణం. అందుకే అన్నదమ్ములకు చెప్పని ఆస్తి గొడవలు పై బెర్తు వాడికి చెబుతాం. అంత చెప్పుకున్నాక అతను మనవాడే అనిపిస్తుంది. చెప్పింది మనం, దగ్గరైంది మనం. అతని గురించి మనకు తెలిసింది మాత్రం అతను చెప్పినంతే.

ఈ కిటుకును 1849లో న్యూయార్క్‌లో విలియం థాంప్సన్ అనేవాడు ఎలా వాడాడో చూడండి. దర్జాగా దుస్తులేసుకుని, వీధిలో కనబడ్డ పెద్దమనిషిని పాత స్నేహితుడిలా పలకరించేవాడు. కాసేపు కబుర్లయ్యాక ‘రేపటిదాకా మీ గడియారం నాకిచ్చేంత నమ్మకం నా మీద ఉందా?’ అనేవాడు. లేదనడానికి మొహమాటపడి ఇచ్చినవాళ్లున్నారు. ఒకనాడు పాత బాధితుడే ఎదురుపడి పట్టించాడు. ఎనిమిదేళ్ల తర్వాత, 1857లో, హెర్మన్ మెల్విల్ ఇలాంటి మోసగాడితో ఒక నవలే రాశాడు. ఆ కథ నడిచేది మిసిసిపి నదిపై వెళ్లే ఆవిరి పడవలో, అంటే ప్రయాణంలోనే!

నగదు ఇవ్వండి, నేను కొడతా

ఇప్పుడు గడియారాలు అడిగేవాళ్లు లేరు. స్టేషన్లలో, బస్టాండ్లలో, ఆసుపత్రుల దగ్గర వినిపించే మాట వేరు. ‘అన్నా, ఏటీఎం పనిచెయ్యట్లేదు. ఐదు వేలు క్యాష్ ఉంటే ఇస్తారా? ఇప్పుడే మీకు కొట్టేస్తా.’ ఇది అప్పు కూడా కాదే, ముందు అతనే పంపుతున్నాడు కదా అనిపిస్తుంది. నిజంగానే ఫోన్ టింగుమంటుంది, ఖాతాలో ఐదు వేలు పడతాయి. మీరు నోట్లు లెక్కపెట్టి ఇస్తారు. అతను దండం పెట్టి వెళ్లిపోతాడు.

ఆ ఐదు వేలు ఇంకో రాష్ట్రంలో ఎవరి ఖాతా నుంచో కొట్టేసిన సొమ్మయితే అసలు కథ అప్పుడు మొదలవుతుంది. ఆ బాధితుడు 1930కి ఫోన్ చేస్తాడు. సైబర్ నేరాల్లో డబ్బు ఏ ఖాతా నుంచి ఏ ఖాతాకు పాకిందో వెంటాడి ఆపడానికి కేంద్ర హోం శాఖ 2021 నుంచి నడుపుతున్న వ్యవస్థ అది. అంచెలంచెలుగా వెతుక్కుంటూ వచ్చి ఆ దారి మీ ఖాతా దగ్గర ఆగుతుంది. బ్యాంకు ఆ మొత్తాన్ని, ఒక్కోసారి ఖాతా మొత్తాన్ని, స్తంభింపజేస్తుంది. ఇక మీరు చూడని ఊళ్లోని పోలీస్ స్టేషన్‌కు ఫోన్లు చేస్తూ, ఎవరో బాబూ నాకు తెలియదు, జాలిపడి ఇచ్చానని రుజువు చేసుకోవాలి. నగదు ఇచ్చినదానికి ఏ కాగితమూ ఉండదు. జీతం పడే ఖాతా అయితే ఆ నెల ఇంటి అద్దె సంగతి ఆలోచించండి.

కొందరు అంత కష్టం కూడా పడరు. డబ్బు పంపినట్టు ఆకుపచ్చ టిక్కు చూపించే దొంగ యాప్‌తో పని కానిచ్చేస్తారు. సందేశాన్ని కాదు, బ్యాంకు ఖాతాలో నిల్వను చూసుకోవాలి.

పోనీ, నిజంగానే అప్పిచ్చి పోగొట్టుకుంటే కోర్టుకెళ్లొచ్చా? వెళ్లొచ్చు. మామూలుగా మూడేళ్లలోపు దావా వెయ్యాలి. తీసుకున్నది తిరిగివ్వకపోవడం దానంతటదే మోసం కేసు కాదు. అడిగిన రోజునే ఎగ్గొట్టే ఉద్దేశం ఉందని తేలితేనే భారతీయ న్యాయ సంహితలోని 318వ సెక్షన్ వర్తిస్తుంది. మూడు వేల కోసం, చిరునామా తెలియని మనిషి మీద అవన్నీ ఎవరు చేస్తారు?

మరి అందరినీ అనుమానించాలా?

అక్కర్లేదు. 2019లో సైన్స్ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం కోసం 40 దేశాల్లో 17 వేలకు పైగా పర్సులను ‘దొరికాయి’ అంటూ హోటళ్లలో, బ్యాంకుల్లో, పోస్టాఫీసుల్లో ఇచ్చి చూశారు. డబ్బున్న పర్సులే ఎక్కువగా సొంతదారులను వెతుక్కుంటూ వెళ్లాయి. లోకం మనం భయపడేంత చెడ్డది కాదు. కాకపోతే అడిగేవాడు మంచివాడా కాదా అన్నది పది నిమిషాల్లో తేల్చే పని కాదు. మనం తేల్చుకోగలిగింది రెండే: ఆ సొమ్ము తిరిగి రాకపోయినా మన ప్రయాణం సాగుతుందా, అతని అవసరం డబ్బుతో కాకుండా ఇంకోలా తీరుతుందా.

రెండో పని ఎలా చెయ్యాలో విజయవాడ స్టేషన్లో ఒకావిడ చేస్తుంటే చూశాను. యాభై దాటి ఉంటాయి, చేతిలో కూరగాయల సంచి. ఒక కుర్రాడొచ్చి ‘అమ్మా, ఫోనూ పర్సూ పోయాయి. శ్రీకాకుళం వెళ్లాలి, ఎనిమిది వందలు ఉంటే...’ అన్నాడు. ఆవిడ అతని మొహంకేసి కూడా పెద్దగా చూడలేదు. ‘పద నాయనా, కౌంటర్ దగ్గరికి’ అని లేచింది. క్యూలో తన ముందు నిలబెట్టుకుని జనరల్ టికెట్ కొనిచ్చింది. దారిలో ఇడ్లీ పొట్లం కూడా. కుర్రాడు కళ్లు తుడుచుకుని ‘మీ నంబరివ్వండమ్మా, ఇంటికెళ్లగానే పంపేస్తా’ అన్నాడు. ‘వద్దులే. వచ్చిందా రాలేదా అని ఫోన్ చూసుకుంటూ కూర్చోవాలి, అదో పని’ అంది.

అడిగినదానికంటే చాలా తక్కువలో పని అయిపోయింది. కుర్రాడు ఇల్లు చేరితే మంచిదే. ఒకవేళ ఆ టికెట్‌ను బయట పారేసినా ఆవిడకు పోయింది కొంచెమే, అదీ తెలిసే ఇచ్చింది. ఏట్లో పడేసినా ఎంచి పడెయ్యాలంటారు కదా. టికెట్టూ భోజనమూ వద్దు, చేతికి నోట్లే కావాలని పట్టుబట్టేవాడికి మాత్రం దండం పెట్టి కదిలిపోవచ్చు.

పది రోజుల కాశీ యాత్రలోనో, చార్‌ధామ్ బస్సులోనో పరిచయమైనవాళ్ల సంగతి కొంచెం వేరు. యాత్ర నడిపేవాడి దగ్గర వాళ్ల పేరు, ఊరు, ఇంటి నంబరు ఉంటాయి. మందులకో గది అద్దెకో సర్దడంలో తప్పులేదు, యాత్ర నడిపేవాడి ఎదుటే ఇస్తే ఇంకా మంచిది. విదేశాల్లో ‘మన తెలుగువాళ్లమే కదా’ అని విమానాశ్రయంలో అడిగేవాళ్ల దగ్గర మాత్రం మనసు త్వరగా కరిగిపోతుంది, కాబట్టి ఇంకాస్త ఆగాలి. పాస్‌పోర్టు పోయినవారికి స్వదేశం చేరేందుకు మన దౌత్య కార్యాలయం ఎమర్జెన్సీ సర్టిఫికెట్ ఇస్తుంది. చిక్కుకుపోయిన భారతీయుల కోసం 2009 నుంచి కమ్యూనిటీ వెల్ఫేర్ ఫండ్ ఉంది. దుబాయ్‌లో జీతం అందక తిరుగుతున్న నిజామాబాద్ కార్మికుడికి మీరిచ్చే వంద దిర్హమ్‌ల కంటే, ఆ కార్యాలయం దాకా వెంట వెళ్లడమే ఎక్కువ సాయం.

కాబట్టి ఈసారి బయల్దేరేముందు మందులూ ఛార్జరూ సర్దుకున్నట్టే ఒక ఐదు వందలు విడిగా పెట్టుకోండి, ఎవరికైనా ఇవ్వాల్సొస్తే ఇచ్చి మరచిపోవడానికి. అంతకు మించి అడిగితే లేవని చెప్పండి, కారణాలు వెతుక్కోవద్దు. ఎవరైనా మరీ వెంటపడితే రైల్లో 139కి ఫోన్ చెయ్యండి. పంపేశాక అనుమానమొస్తే 1930కి చెయ్యండి, దిగాల్సిన స్టేషన్ వచ్చేదాకా ఆగకుండా.