పసరు సరే, రక్తం చూపించారా?
కామెర్లలో రెండో వైరస్‌తో ముప్పు

మార్కాపురం, గిద్దలూరు పల్లెల్లో కళ్ళు పచ్చబడ్డాయంటే ముందు వెళ్ళేది పసరు పోసేవారింటికే. ఉప్పూ కారం మాని పథ్యం చేస్తే పదిహేను రోజుల్లో తగ్గిందని చెప్పేవారు ప్రతి వూళ్ళోనూ వున్నారు. వారు చెప్పేది అబద్ధం కాదు. చెడు నీటితో వచ్చే ఎ, ఇ రకాల కామెర్లు చాలామందికి వాటంతటవే తగ్గుతాయి. పేరు మాత్రం పసరుకు దక్కుతుంది.

కాలేయంలో అప్పటికే మరో వైరస్ వున్నవారికి చిక్కు ఎక్కువ. హెపటైటిస్-బి ఏళ్ళ తరబడి ఏ బాధా లేకుండా ఒంట్లో దాగి వుండగలదు. అలాంటివారికి పైన ఇ రకం సోకితే, మామూలుగా పోవలసిన కామెర్లే ప్రాణం మీదికి తేవచ్చు. మగత, మాట తడబాటు, పొట్ట ఉబ్బడం కనిపించాక ఇంకా పథ్యమంటూ కూర్చోవడం తగదు. వెంటనే పెద్దాసుపత్రికి చేర్చాలి.

నేల ఉసిరిని శాస్త్రజ్ఞులు పరీక్షించకపోలేదు. దానితో బి వైరస్ పోతుందని 1988లో మద్రాసు వైద్యులు ప్రకటించారు. బి వైరస్‌ను కనుగొని 1976లో నోబెల్ బహుమతి పొందిన బ్లంబర్గ్ కూడా ఆ పరిశోధనలో వున్నారు. తర్వాత ఇతరులు జరిపిన పరీక్షల్లో ఆ ఫలితం నిలవలేదు.

బి, హెచ్.ఐ.వి. ఒకే దారుల్లో వస్తాయి: రక్తం, మరగించని సూది, లైంగిక సంబంధం, తల్లి నుంచి బిడ్డకు. రెండూ కలిస్తే కాలేయం త్వరగా చెడుతుంది. అయితే ఎ.ఆర్.టి. మాత్రలోని టెనోఫోవిర్, లామివుడిన్ రెండింటినీ అణచి వుంచుతాయి. పనులకు హైదరాబాదో, బెంగుళూరో వలసపోయి, బాగానే వున్నాం కదా అని మాత్ర మానేస్తే హెచ్.ఐ.వి. ఒక్కటే కాదు, బి కూడా తిరగబడుతుంది. వలస వెళ్ళేవారు ముందే కేంద్రంలో చెప్పి, వెళ్ళేచోటికి కార్డు మార్పించుకోవచ్చు.

డెల్టా అనే మరో వైరస్‌ను 1977లో ఇటలీ వైద్యుడు రిజెట్టో వెల్లడించారు. అది బి లేనిదే బ్రతకలేదు. మన దేశంలో తక్కువే. బి టీకా వేయించుకుంటే దాని బెడదా వుండదు. ఆ టీకాను 1997లో హైదరాబాదు శాంతా బయోటెక్నిక్స్ దేశంలోనే తయారుచేసి ధర దించింది. ఇప్పుడు పుట్టిన 24 గంటల్లోపు బిడ్డకు ఉచితంగా వేస్తారు. బి, సి రకాలకు పరీక్షలు, మందులు కూడా 2018లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద ఉచితమే.

నీటి సంగతి ఒకటి. కాచితే వైరస్ చస్తుంది గాని ఫ్లోరైడు పోదు. ఫిల్టరు నీళ్ళు తెచ్చుకునేవారు క్యాను, బిందె శుభ్రంగా వుంచకపోతే ఫ్లోరైడు తప్పినా కామెర్లు తప్పవు.