కెమెరా వీపు మీది తెర

శామీర్‌పేట చెరువు గట్టున పెళ్లికి ముందు ఫోటోలు తీయించుకునే జంటలను గమనించండి. క్లిక్‌మన్న మరుక్షణం కాబోయే పెళ్లికూతురు వచ్చి కెమెరా వెనక తొంగిచూస్తుంది. "కండ్లు మూతబడ్డయ్ అన్నా, ఇంకోటి తియ్యవా?" అంటుంది. అలా అడిగే వీలు మన అమ్మమ్మలకు లేదు.

నిజానికి కెమెరా వెనక తెర పాత సంగతే. 1886లో రాజా దీన్‌దయాళ్ సికింద్రాబాదులో స్టూడియో తెరిచేనాటికి పెద్ద కెమెరాల వెనక గరుకు గాజుపలక ఉండేది. ఫోటోగ్రాఫరు నల్లగుడ్డ కప్పుకుని, దాని మీద తలకిందులుగా పడ్డ బొమ్మను చూసి ఫోకస్ సరిచేసేవాడు. ఆ తర్వాత మందు పూసిన ప్లేటు దాని చోటికి వచ్చేది. ఇక అప్పుడు ఎవరికీ ఏమీ కనిపించదు. రీలు వచ్చాక గాజుపలక పోయి, చూడ్డానికి చిన్న కంత మిగిలింది. బొమ్మ ఎలా వచ్చిందో రీలు కడిగించాకే తెలిసేది. పెళ్లి ఆల్బముల్లో కళ్లు మూసుకున్న మేనమామలు అందుకే అంతమంది!

డిజిటల్ కెమెరా కూడా పుట్టుకతో తెర తెచ్చుకోలేదు. 1975లో కొడాక్ ఇంజనీరు స్టీవెన్ సాసన్ చేసిన నమూనా ఒక్క బొమ్మను క్యాసెట్ టేపుకెక్కించడానికి 23 సెకన్లు తీసుకునేది. చూడాలంటే టీవీ కావాలి. 1995లో జపాన్‌లో కాసియో క్యూవీ-10 వెనక 1.8 అంగుళాల ఎల్‌సీడీ తెర వచ్చింది. బొమ్మ 320×240 చుక్కలే, అంటే నేటి ఫోన్ల ముందు నలుసు. అయినా తీసినది అక్కడికక్కడే చూడొచ్చు, నచ్చకపోతే చెరిపేయొచ్చు. కెమెరా చరిత్రలో మెగాపిక్సెళ్లకన్నా ఇదే పెద్ద మలుపని నా లెక్క. మంచి ఫోటో ఏదో తేల్చే పెత్తనం ఫోటోగ్రాఫరు ఒక్కడి చేతిలోంచి జారిపోయింది.

అద్దం మీదుగా చూసే డిజిటల్ ఎస్‌ఎల్‌ఆర్‌ కెమెరాల సంగతి వేరు. సెన్సారు ముందు అద్దం అడ్డుండేది కాబట్టి తీయకముందు తెర మీద ఏమీ కనిపించేది కాదు. 2006లో ఒలింపస్ ఈ-330 వంటివి ఆ అడ్డంకి దాటాయి.

పోగొట్టుకున్నదీ ఉంది. కెమెరాను కంటికి ఆనిస్తే మోచేతులు ఒంటికి ఆని నిలకడగా ఉంటుంది. తెర చూస్తూ చేతులు చాపితే వణుకు తప్పదు. పైగా ఒక్కో క్లిక్కుకూ తల దించి చూసుకుంటే, ఆలోపే పక్షి ఎగిరిపోతుంది. జ్ఞాపకం సంగతి కూడా ఉంది: అమెరికా మనస్తత్వవేత్త లిండా హెంకెల్ 2014లో ప్రచురించిన ప్రయోగంలో, మ్యూజియంలో ఫోటో తీసుకున్న వస్తువులకన్నా ఊరికే చూసినవే సందర్శకులకు బాగా గుర్తున్నాయి. జూమ్ చేసి ఒక భాగాన్నే తీసినప్పుడు మాత్రం ఆ నష్టం కనిపించలేదు.

ఎండలో తెరను అసలు నమ్మకూడదు. దాని వెనక దీపం ఎంతటిదైనా మధ్యాహ్నపు సూర్యుడి ముందు వెలవెలబోతుంది. బాగా వచ్చిన ఫోటో కూడా చీకటిగా కనిపిస్తుంది. అది చూసి వెలుగు పెంచితే తెల్ల కొంగ రెక్కల్లోని ఈకల గీతలన్నీ తుడిచిపెట్టుకుపోతాయి, తర్వాత కంప్యూటర్లో దిద్దినా తిరిగి రావు. అందుకే చెరువుకు వెళ్లేవాళ్లు మెనూలో హిస్టోగ్రామ్ (ఫోటోలోని వెలుగునీడల గ్రాఫు) ఆన్ చేసుకోండి. దాని కొండ కుడి అంచును గుద్దుకుంటుంటే వెలుగు తగ్గించండి. తీసిన ప్రతి ఫోటో తెరమీదికి వచ్చే ఏర్పాటును ఆపేయండి.